గాజు పలక నుంచి గెయిన్ 100 దాకా: మన చీకటి ఆకాశం కథ



పోయిన సంక్రాంతి సెలవుల్లో మేము ఏడుగురం ఒక కెమెరా, ఒక చిన్న టెలిస్కోపు, నాలుగు దుప్పట్లు పట్టుకుని ఊరి వెనక గుట్ట ఎక్కాం. కెమెరా మనది కాదు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన సీనియర్ అన్న తను వాడి పక్కన పెట్టిన ఆస్ట్రో కెమెరాని మన పిల్లల కోసం పంపించాడు. అందులో సోనీ వాళ్ల ఐఎంఎక్స్533 సెన్సార్ ఉంది. అమావాస్య దగ్గర పడ్డ రోజులు. గొల్లకావడి నెత్తి మీదికి వచ్చింది. దాని కింద వేలాడే ఆ మసక మచ్చని, అంటే ఓరియన్ నెబ్యులాని, ఫోటో తీయాలని మా పట్టుదల.

ముందే వీడియోలు చూసి వెళ్లాం. ఒక వీడియోలో గెయిన్ 300 పెట్టమన్నారు, పెట్టేశాం. ఒక్కో ఫోటో 30 సెకన్లు. స్క్రీన్ మీద నెబ్యులా ధగధగా వచ్చేసరికి కేకలు పెట్టాం. తెల్లారి ల్యాప్‌టాప్‌లో చూస్తే నెబ్యులా నడుమంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఎర్ర చుక్క లేదు, నీలి చుక్క లేదు, అన్నీ తెల్లటివే. సరే, గెయిన్ ఎక్కువైంది అనుకుని రెండో రాత్రి గెయిన్ సున్నా పెట్టి పది సెకన్ల ఫోటోలు తీశాం. ఈసారి నడుమ బాగానే ఉంది, కానీ చుట్టూ ఉండే పల్చటి పొగ మొత్తం గరుకు గరుకుగా ఇసక చల్లినట్టు వచ్చింది. రెండు రాత్రుల చలి వృథా అయింది.

ఎక్కడ తప్పు చేశామో తెలుసుకోడానికి చదవడం మొదలుపెట్టాం. చదువుతూ పోతే అది కెమెరా మాన్యువల్ దగ్గర ఆగలేదు, 140 ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. ఆ కథే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. చివర్లో మన ఊళ్లకి సంబంధించిన మాట ఒకటి ఉంది.

కన్ను దాచుకోలేదు, పలక దాచుకుంటుంది

మన కన్నుకి ఒక లోపం ఉంది. అది వెలుతురుని కూడబెట్టుకోలేదు. ఒక మసక చుక్కని గంటసేపు చూసినా అది గంట తర్వాత ఎక్కువ కనపడదు. ఫోటో పలక అలా కాదు. పడ్డ వెలుతురునల్లా దాచుకుంటుంది.

కానీ మొదట్లో ఆ పలకలకి వేరే తిప్పలుండేవి. తడి కొలోడియన్ పలకలనేవి తడిగా ఉన్నప్పుడే పని చేసేవి. కొన్ని నిమిషాల్లో ఆరిపోతే అంతే సంగతులు. చంద్రుడికైతే సరిపోతుంది, మసక నెబ్యులాకి చాలదు. 1871లో ఇంగ్లండ్ డాక్టర్ రిచర్డ్ లీచ్ మ్యాడక్స్ జెలటిన్ పూసిన పొడి పలకని కనిపెట్టాడు. తర్వాత పదేళ్లలో ఆ పలకలు బాగా మెరుగయ్యాయి. ఎంతసేపు కావాలంటే అంతసేపు తెరిచి పెట్టుకోవచ్చు.

1880 సెప్టెంబరు 30 రాత్రి న్యూయార్క్ దగ్గర హెన్రీ డ్రేపర్ అనే ఇంకో డాక్టరు 11 అంగుళాల టెలిస్కోపుకి పొడి పలక తగిలించి, ఓరియన్ నెబ్యులా వైపు 51 నిమిషాలు తెరిచి పెట్టాడు. నెబ్యులాకి మొట్టమొదటి ఫోటో అదే. మేము గుట్ట మీద పాడు చేసుకున్న నెబ్యులా కూడా అదే! ఆ ఫోటోలో చుక్కలు సాగిపోయి, నెబ్యులా మసకగానే ఉంది. అయినా ఆయన వదల్లేదు. 1882లో 137 నిమిషాల ఫోటో తీశాడు. అదే ఏడాది చనిపోయాడు.

1883లో లండన్ దగ్గర ఈలింగ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ అనే ఇంజనీరు తన ఇంటి తోటలో 36 అంగుళాల అద్దం టెలిస్కోపుతో అదే నెబ్యులాని తీశాడు. ఆ ఫోటోలో కంటికి ఎన్నడూ కనపడని చుక్కలు కనపడ్డాయి. అక్కడితో లెక్క మారిపోయింది. అప్పటిదాకా ఫోటో అంటే కన్ను చూసినదానికి సాక్ష్యం. ఆ తర్వాత కన్ను చూడలేనిదాన్ని చూపించేది ఫోటోనే అయింది. 1888 డిసెంబరులో ఐజాక్ రాబర్ట్స్ అనే ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు ఆండ్రోమెడాని గంటల తరబడి తీస్తే, అందులో సుడి తిరిగిన చేతులు బయటపడ్డాయి. అది వేరే గెలాక్సీ అని ఆయనకి తెలియదు. మన సూర్యకుటుంబం లాంటిదేదో పుడుతోందనుకున్నాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వీళ్లెవరి దగ్గరా గెయిన్ బటన్ లేదు. ఎక్కువ వెలుతురు కావాలంటే రెండే దార్లు. అద్దం పెద్దది చేసుకోవాలి, లేదా ఎక్కువసేపు ఆగాలి.

మన హైదరాబాద్ పలకలు

ఇదంతా ఎక్కడో జరిగిందని అనుకోకండి. 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలు కూర్చుని, మొత్తం ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసి చుక్కల పట్టిక రాయాలని ఒప్పందం చేసుకున్నారు. ఆ పనిలో పాలు పంచుకున్న అబ్జర్వేటరీల్లో మన హైదరాబాద్ నిజామియా ఒకటి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ దాన్ని మొదలుపెట్టాడు, తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది, బేగంపేటకి మారింది. అక్కడి 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ అనే ఫోటో టెలిస్కోపుతో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య భాగాన్ని, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల మధ్య భాగాన్ని తీశారు. ఒక్కో పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి చుక్క చుక్కకీ చేత్తో కొలిచి రాశారు. అలా రాసిన చుక్కలు ఏడు లక్షలకు పైగా. టి.పి. భాస్కరన్ దశాబ్దాల పాటు ఆ అబ్జర్వేటరీకి డైరెక్టరుగా ఉన్నారు.

అక్కడ పని చేసిన ఒకాయన కొడుకే వైణు బప్పు. హైదరాబాద్‌లోనే పెరిగాడు. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ తను తీసిన పలక మీద ఒక తోకచుక్కని కనిపెట్టాడు. దానికి ఆయన పేరు కూడా కలిపి పెట్టారు. తర్వాత తమిళనాడులో జవ్వాది కొండల్లోని కావలూరులో పెద్ద టెలిస్కోపు కట్టించే పని మొదలుపెట్టాడు. ఆ కొండలు మలయాళి అనే ఆదివాసీల ఊళ్లు. చీకటి ఎక్కడుందని వెతుక్కుంటూ పోతే శాస్త్రవేత్తలు చివరికి వచ్చి ఆగింది ఆదివాసీల కొండల దగ్గరే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

కంచర గాడిదలు తోలినవాడు, 45 గంటల పలక

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద 100 అంగుళాల టెలిస్కోపుతో ఆండ్రోమెడాని 45 నిమిషాలు తీసిన పలక చాలామందికి తెలుసు. అందులో దొరికిన ఒక మిణుకు చుక్క వల్లే అది మన పాలపుంత బయట ఉన్న వేరే గెలాక్సీ అని తేలింది. కానీ హబుల్ పక్కన పనిచేసిన మిల్టన్ హ్యూమసన్ సంగతి తక్కువమందికి తెలుసు.

హ్యూమసన్ పద్నాలుగేళ్లకే బడి మానేశాడు. ఆ కొండ మీదికి అబ్జర్వేటరీ సామాను మోసే కంచర గాడిదల్ని తోలేవాడు. 1917లో అక్కడే ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. రాత్రిపూట సాయం చేస్తూ చేస్తూ పని నేర్చుకుని, 1919లో శాస్త్రవేత్తల సిబ్బందిలో చేరాడు. దూరపు గెలాక్సీల వెలుతురుని రంగులుగా విడదీసి ఫోటో తీయడంలో ఆయనంత ఓపిక ఎవరికీ లేదు. ఎన్‌జీసీ 7619 అనే గెలాక్సీకి ఆయన తీసిన రెండు పలకల్లో ఒకటి 33 గంటలు, ఇంకోటి 45 గంటలు. ఒక రాత్రిలో 45 గంటలు ఎక్కడివి? తెల్లారేసరికి పలకని మూసేసి, మళ్లీ రాత్రి అదే పలకని, అదే చోటికి గురిపెట్టి తెరవడం. అలా ఎన్నో రాత్రులు. విశ్వం వ్యాకోచిస్తోందన్న మాటకి ఆధారాలు అలా పోగయ్యాయి. ఇప్పుడు మనం వంద ఫోటోలు తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నామే, దానికి తాత ఆ పలకే.

అయితే పలకకి కూడా అలసట ఉంటుంది. 1890ల చివర వియన్నాలో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ దాన్ని కొలిచి చెప్పాడు. వెలుతురు సగమైతే రెట్టింపు సమయం తెరిస్తే సరిపోవాలి కదా? సరిపోదు, ఇంకా ఎక్కువ కావాలి. వెలుతురు ఎంత పల్చగా ఉంటే పలక అంత బద్ధకిస్తుంది. ఈ బద్ధకం వదలగొట్టడానికి పలకల్ని ముందుగా వేడి చేసేవాళ్లు, నైట్రోజన్‌లో కొంచెం హైడ్రోజన్ కలిపిన వాయువులో నానబెట్టేవాళ్లు. 1980లలో అమెరికా, యూరప్ ఔత్సాహికులు కొడాక్ టెక్నికల్ పాన్ ఫిల్మ్‌కి ఇంట్లోనే ఈ వైద్యం చేసుకునేవాళ్లు. ఇంత చేసినా పలక మీద పడ్డ వెలుతురు కణాలు వందలో ఒకటో రెండో మాత్రమే లెక్కకొచ్చేవి. మిగతావి వచ్చినట్టే వచ్చి పోయేవి.

సిలికాన్ వచ్చింది, లెక్క వచ్చింది

1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సిలికాన్ పలకని ఆలోచించారు. 2009లో వాళ్లకి నోబెల్ వచ్చింది. 1976 నాటికే శాస్త్రవేత్తలు దాన్ని టెలిస్కోపుకి తగిలించి ఫోటోలు తీశారు. వెలుతురు కణం ఒకటి సిలికాన్‌కి తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. ఆ ఎలక్ట్రాన్లని గుంటల్లో దాచి, చివర్లో లెక్కపెడతారు. అలసట లేదు. రెండింతలు పడితే రెండింతలే లెక్క. వందలో ఒకటి కాదు, మంచి సీసీడీలు ఎనభై తొంభై దాకా పట్టాయి.

కానీ లెక్కపెట్టేటప్పుడు తప్పు దొర్లుతుంది. ప్రతి పిక్సెల్‌ని చదివిన ప్రతిసారీ కొన్ని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ అవుతాయి. దాన్నే రీడ్ నాయిస్ అంటారు. మా రెండో రాత్రి ఫోటోలో కనపడ్డ గరుకులో పెద్ద భాగం ఇదే.

గెయిన్ అనేది సరిగ్గా ఈ లెక్కపెట్టే చోటే వస్తుంది. దీన్ని మన ఇప్పపువ్వు లెక్కలో చెప్పుకుందాం. చెట్టు కింద రాత్రంతా పువ్వు రాలింది. తెల్లారి ఏరి గంపలో పోశాం. ఎంత రాలిందనేది చెట్టు ఇష్టం, మన చేతిలో లేదు. కొలవడం మాత్రం మన చేతిలో ఉంది. కుంచంతో కొలిస్తే తొందరగా అయిపోతుంది, కానీ అడుగున మిగిలిన గుప్పెడు లెక్కకి రాదు. గిద్దతో కొలిస్తే గుప్పెడు కూడా లెక్కకొస్తుంది. కానీ లెక్క రాసే పుస్తకంలో గీతలు కొన్నే ఉన్నాయనుకోండి, గిద్దలు రాస్తూ పోతే పుస్తకం సగంలోనే నిండిపోతుంది. పెద్ద చెట్టు కింది పువ్వంతా రాయడానికి చోటుండదు. గెయిన్ తక్కువ అంటే కుంచం, ఎక్కువ అంటే గిద్ద. కొలత మార్చినంత మాత్రాన పువ్వు ఒక్కటి కూడా ఎక్కువ రాలదు!

మేము చేసిన మొదటి తప్పు ఇదే. స్క్రీన్ ధగధగలాడితే వెలుతురు ఎక్కువ పట్టామనుకున్నాం. జాతరలో మైకు వాల్యూమ్ పెంచితే పాడేవాళ్ల గొంతు పెరిగినట్టా?

దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ హబుల్ అంతరిక్ష టెలిస్కోపే. 1993లో దానికి అమర్చిన డబ్ల్యూఎఫ్‌పీసీ2 కెమెరాలో లెక్క పుస్తకం 12 బిట్లది, అంటే 4096 గీతలు. అందులో గెయిన్‌కి రెండే ఎంపికలు. ఒకదాంట్లో గీతకి సుమారు 7 ఎలక్ట్రాన్లు, ఇంకోదాంట్లో సుమారు 14. 7 పెట్టుకుంటే సన్న వెలుతురు శుభ్రంగా వస్తుంది, కానీ దాదాపు 28 వేల ఎలక్ట్రాన్లకే పుస్తకం నిండుతుంది. 14 పెట్టుకుంటే దానికి రెట్టింపు దాకా పడుతుంది, కానీ గరుకు పెరుగుతుంది. కోట్ల డాలర్ల కెమెరా వాడే శాస్త్రవేత్తలు కూడా కుంచమా గిద్దా అని ప్రతిసారీ ఎంచుకోవాల్సి వచ్చింది. 1995 డిసెంబరులో ఆ కెమెరాతోనే ఖాళీగా కనిపించే చిన్న ఆకాశపు ముక్కని పది రోజుల పాటు 342 ఫోటోలు తీసి కలిపితే, అందులో వేల గెలాక్సీలు బయటపడ్డాయి. అదే హబుల్ డీప్ ఫీల్డ్.

మామూలు మనుషులు కొనుక్కునే సీసీడీ ఆస్ట్రో కెమెరాల్లో చాలావాటికి గెయిన్‌ని ఫ్యాక్టరీలోనే ఒకచోట పెట్టేసేవాళ్లు. ఎంచుకునే బాధ లేదు. ఆ బాధ, ఆ స్వేచ్ఛ రెండూ సీమాస్ సెన్సార్లతో వచ్చాయి. 1990లలో నాసా జేపీఎల్‌లో ఎరిక్ ఫోసమ్ బృందం ప్రతి పిక్సెల్‌లోనూ ఒక చిన్న యాంప్లిఫయర్ ఉండే సెన్సార్‌ని తయారు చేసింది. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నది దాని వంశమే. డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో గెయిన్ పేరు ఐఎస్ఓ. ఫిల్మ్ రోజుల్లో ఐఎస్ఓ అంటే నిజంగానే ఫిల్మ్ చురుకుదనం, ఎక్కువ కావాలంటే వేరే ఫిల్మ్ కొనాలి. డిజిటల్‌లో సెన్సార్ అదే, కొలత మాత్రమే మారుతుంది. పేరు పాతది, పని కొత్తది. అందుకే ఇంతమంది తికమకపడుతున్నారు.

2016 ప్రాంతంలో జెడ్‌డబ్ల్యూవో కంపెనీ ఏఎస్ఐ1600 అనే చల్లబరిచే సీమాస్ కెమెరా బాగా ప్రచారంలోకి వచ్చింది. దాని పుస్తకం కూడా 12 బిట్లే. గెయిన్ సున్నాలో ఒక గీతకి దాదాపు 5 ఎలక్ట్రాన్లు. గెయిన్ 139 పెడితే ఒక గీతకి సరిగ్గా ఒక ఎలక్ట్రాన్. దీన్ని యూనిటీ గెయిన్ అన్నారు. చాలామంది 139ని మంత్రంలా పట్టుకున్నారు. అది ఆ కెమెరాకి మంచి సంఖ్యే, కానీ వేరే కెమెరాకి అదే సంఖ్య పెడితే అర్థం లేదు.

మా కెమెరాలో ఏముంది

ఇప్పుడు మా ఐఎంఎక్స్533 దగ్గరికి వద్దాం. ఈ కెమెరాల్లో గెయిన్ సంఖ్య డెసిబెల్‌లో పదో వంతు. 100 అంటే 10 డెసిబెల్, అంటే కొలత మూడింతలకి పైగా సన్నమవుతుంది. 300 అంటే 30 డెసిబెల్, ముప్పై ఇంతలకి పైగా.

గెయిన్ సున్నాలో ఒక పిక్సెల్ సుమారు 50 వేల ఎలక్ట్రాన్లు పడుతుంది. రీడ్ నాయిస్ 3.8 దాకా ఉంటుంది. గెయిన్ 100లో పట్టేది సుమారు 16 వేలు, కానీ రీడ్ నాయిస్ ఒక్కసారిగా 1.5కి పడిపోతుంది. అంత పడిపోవడానికి కారణం ఉంది. ఆ సంఖ్య దగ్గర సెన్సార్ లోపల ఒక స్విచ్ మారుతుంది. చెంబెడు నీళ్లు గంగాళంలో పోస్తే మట్టం కనపడదు, అవే నీళ్లు సన్న సీసాలో పోస్తే జానెడు లేస్తాయి. అలాగే పిక్సెల్ దగ్గర ఎలక్ట్రాన్లు నింపే చోటు చిన్నదవుతుంది, ఒక్కో ఎలక్ట్రాన్‌కి వచ్చే వోల్టేజీ పెరుగుతుంది. చదవడం తేలికవుతుంది.

మరి గెయిన్ 300లో? పట్టేది సుమారు 1600 ఎలక్ట్రాన్లే! రీడ్ నాయిస్ మాత్రం 1.5 నుంచి కొంచెమే తగ్గుతుంది. ఓరియన్ నెబ్యులా నడుమ ఉండే వెలుతురుకి 30 సెకన్లలో 1600 ఎంతసేపట్లో నిండుతుంది? సున్నం పూసినట్టు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. నిండిన పిక్సెల్‌కి రంగు ఉండదు, అందుకే చుక్కలన్నీ తెల్లబడ్డాయి.

టౌన్ లెక్క, గుట్ట లెక్క

అసలు విషయం ఇక్కడుంది. ఆ వీడియో చేసినాయన అబద్ధం చెప్పలేదు. తన ఆకాశానికి సంబంధించిన లెక్క చెప్పాడు. మనది వేరే ఆకాశం.

ఒక్కో ఫోటో ఎంతసేపు తెరవాలనేదానికి ఒక తేలిక లెక్క ఉంది. ఆకాశం నుంచే, అంటే చుక్కల మధ్య ఖాళీ నుంచే, ఒక పిక్సెల్‌లో పడే ఎలక్ట్రాన్లు రీడ్ నాయిస్ వర్గానికి పదింతలు ఉండాలి. అంత ఉంటే రీడ్ నాయిస్ వల్ల మొత్తం గరుకు ఐదు శాతమే పెరుగుతుంది. ఇక దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

గెయిన్ 100లో రీడ్ నాయిస్ 1.5. వర్గం 2.25, పదింతలు 22.5 ఎలక్ట్రాన్లు. గెయిన్ సున్నాలో 3.8. వర్గం 14.4, పదింతలు 144 ఎలక్ట్రాన్లు.

ఉదాహరణకి, టౌన్ ఆకాశం నుంచి ఒక పిక్సెల్‌కి సెకనుకి 5 ఎలక్ట్రాన్లు వస్తున్నాయనుకుందాం. గెయిన్ 100లో ఐదు సెకన్లు కూడా అక్కర్లేదు. గెయిన్ సున్నాలో అయినా 29 సెకన్లు చాలు. అంటే టౌన్‌లో ఉన్నవాళ్లు ఏ గెయిన్ పెట్టినా, 30 సెకన్ల ఫోటోలతో పని జరిగిపోతుంది.

మన గుట్ట మీద ఆకాశం ఇరవై రెట్లు చీకటి అనుకుందాం. సెకనుకి పావు ఎలక్ట్రాన్. గెయిన్ 100లో 22.5 కావాలంటే 90 సెకన్లు. గెయిన్ సున్నాలో 144 కావాలంటే దాదాపు పది నిమిషాలు! మా చిన్న మౌంటు పది నిమిషాలు చుక్కని పట్టుకోలేదు. గాలి వీస్తే చాలు, గీతలు పడతాయి. మేము గెయిన్ సున్నాలో పది సెకన్లు తీశాం, కావాల్సినదాంట్లో అరవయ్యో వంతు. అందుకే ఇసక.

అంటే, చీకటి ఎక్కువ ఉన్నచోట గెయిన్ ఎంపిక ఎక్కువ ముఖ్యం. మన చీకటికి తగిన కొలత మనమే లెక్కవేసుకోవాలి, అరువు తెచ్చుకుంటే కుదరదు.

మూడో రాత్రి గెయిన్ 100, ఒక్కోటి 90 సెకన్లు, నలభై ఫోటోలు తీశాం. నెబ్యులా నడుమ కోసం విడిగా ఐదేసి సెకన్లవి ఇరవై తీసి కలిపాం. నడుమ నిలబడింది, చుట్టూ పొగ కూడా వచ్చింది. గొప్ప ఫోటో కాదు గానీ మన గుట్ట మీది ఫోటో.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చేయబోయేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి. మీ కెమెరా కంపెనీ ఇచ్చే గ్రాఫులో రీడ్ నాయిస్ గీత మెట్టులా దిగే చోటు ఉందా చూడండి, ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. డీఎస్ఎల్ఆర్ అయితే ఐఎస్ఓ 800 లేదా 1600తో మొదలుపెట్టి పోల్చి చూసుకోండి. గెయిన్ మార్చితే డార్క్ ఫ్రేములు కూడా అదే గెయిన్‌లో, అదే సమయానికి, అదే చలిలో మళ్లీ తీయాలి. చుక్కలు చాలా వరకు తెల్లగా నిండిపోతుంటే సమయం తగ్గించండి. ఒక్క ఫోటో అందం చూసి మురిసిపోకండి, మొత్తం ఎన్ని గంటలు పోగేశామన్నదే లెక్క. పదహారు ఫోటోలు కలిపితే గరుకు నాలుగో వంతుకి దిగుతుంది. హ్యూమసన్ 45 గంటలు ఊరికే ఆగలేదు.

మన చీకటి విలువ

పైన చెప్పిన ఇరవై రెట్లు అన్న మాటని ఇంకోసారి చూడండి. మసక వస్తువులకి, ఆకాశం ఇరవై రెట్లు చీకటి ఉంటే అదే నాణ్యత ఇరవయ్యో వంతు సమయంలో వస్తుంది. మన గుట్ట మీద ఒక గంట, టౌన్‌లో ఇరవై గంటలతో సమానం. ఏ గెయిన్ బటనూ ఇవ్వలేనిది ఇది. లక్షలు పెట్టి కెమెరా కొన్నవాళ్లు కొనలేనిది మనకి పుట్టుకతో వచ్చింది.

మన పెద్దలకి ఆ విలువ తెలుసు. టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్త మయాంక్ వాహియా బృందం గోండు ఊళ్లు తిరిగి పెద్దల్ని అడిగి రాసుకున్న సంగతుల్లో, సప్తర్షి మండలంలోని నాలుగు చుక్కలు మంచం, తోకలో మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవాలని చూసే దొంగలు. ఈ కథ మా ఇళ్లల్లో తాతలు చెప్తే విన్నాం. చీకటి లేని ఊళ్లో ఆ దొంగలు కనపడరు, కథ కూడా పోతుంది.

చీకటి పోవడం ఎలా ఉంటుందో నిజామియా చెప్తుంది. ఏడు లక్షల చుక్కలు లెక్కపెట్టిన ఆ బేగంపేట ఇప్పుడు నగరం నడుమ ఉంది. 1960లలో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టాల్సి వచ్చినప్పుడు, దాన్ని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌కి తీసుకెళ్లారు. చీకటి వెనక్కి జరుగుతూ జరుగుతూ ఇప్పుడు మన ఏజెన్సీ అంచుల దాకా వచ్చింది.

చీకటిని కాపాడుకున్నవాళ్లూ ఉన్నారు. లద్దాఖ్‌లోని హాన్లేని 2022 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అక్కడ ఉండేది గొర్రెలు మేకలు కాసుకునే చాంగ్‌పా జనం. ఆ ఊళ్ల యువతకే టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇచ్చారు. వచ్చినవాళ్లకి ఆకాశం చూపించేది, ఇళ్లల్లో ఉంచుకునేది వాళ్లే. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ అడవికి డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కలవి గోండు ఊళ్లు. అక్కడ వీధిదీపాలు తీసేయలేదు, వెలుతురు నేల మీదికే పడేలా మార్చారు.

మన ఊళ్లో లైట్లు వద్దని మేము అనడం లేదు. పాము భయం ఉన్నచోట, ఆడపిల్లలు నడిచే దారిలో దీపం కావాలి. ఎన్నో ఏళ్లు అడిగి అడిగి తెచ్చుకున్న కరెంటు అది. కానీ కొత్తగా వేస్తున్న తెల్ల ఎల్ఈడీలు కొంత వెలుతురుని ఆకాశానికి పోస్తున్నాయి. ఒక రేకు మూత పెట్టి కిందికి వంచితే దారికి వెలుతురూ పెరుగుతుంది, ఆకాశమూ మిగులుతుంది. ఇది గ్రామసభలో మాట్లాడుకోవాల్సిన సంగతే. అడవి గురించి, నీళ్ల గురించి తీర్మానం చేసే గ్రామసభ చీకటి గురించి కూడా చేయొచ్చు.

వచ్చే అమావాస్యకి మళ్లీ గుట్ట ఎక్కుతున్నాం. ఈసారి కెమెరా మీ చేతికిస్తాం. దుప్పటి మాత్రం మీదే తెచ్చుకోండి, చలి గట్టిగా ఉంటుంది. ఇంట్లో చుక్కల కథలు తెలిసిన తాతో అవ్వో ఉంటే, అవి రాసుకుని తీసుకురండి. ఫోటో పక్కన ఆ కథ కూడా పెడదాం.

జోహార్.